కుడివైపు పోటు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో యజమాని గుణశేఖర్ వెల్లకిలా పడున్నాడు. కుడి రొమ్ములో కత్తి పిడిదాకా దిగింది. నేలంతా గుజ్జు, నెత్తురు.

సీఐ అమల అతన్ని అంబులెన్స్ ఎక్కించి తిరిగేసరికి గేటు దగ్గర కేకలు.

జనం మేనేజర్ లోకేష్ ఎడమచేతిని గేటు సందులో పెట్టి, గేటు లాగారు. ఎముక విరిగిన చప్పుడు.

అమల లాఠీ లేచింది. జనం చెదిరారు.

"ఎదురుగా నిలబడి కుడిపక్క పొడిసినాడు! ఈడిది పుర్రచెయ్యే మేడమ్!" అరిచాడు గుణశేఖర్ బావమరిది మునిప్రసాద్.

"నేను కాదు మేడమ్. నన్ను సంపేస్తారు," లోకేష్ నెత్తురు ఉమ్మాడు.

అమల అతన్ని స్టేషన్‌కి తరలించింది.

కాసేపటికి ఆసుపత్రి నుంచి ఫోన్. "వచ్చేసరికే ప్రాణం లేదు మేడమ్. వింతేమంటే, ఇతని గుండె కుడివైపుంది. పోటు సూటిగా దిగింది."

"పోయాడని తెలిస్తే జనం స్టేషన్ మీద పడతారు. ఐసీయూలో ఉన్నాడనే చెప్పండి."

మొన్న ఛాతీ నొప్పితో గుణశేఖర్ తిరుపతి వెళ్ళాడని భార్య చెప్పింది. తోడు ఎవరెళ్ళారో ఆమెకు తెలీదు. మధ్యాహ్నానికి అమల అక్కడి గుండె డాక్టర్ పంకజాక్షి ముందుంది.

"ఈసీజీ తలకిందులుగా వచ్చింది. చేతుల వైర్లు తారుమారయ్యాయనుకుని మళ్ళీ తీయించా. అప్పటికీ కుదర్లేదు. ఎక్స్‌రే, ఎకోలో తేలింది."

"అతనికి చెప్పారా?"

"పేషెంటు హడలిపోడూ? తోడొచ్చినాయనకే చెప్పా."

"ఎలా ఉంటాడు?"

"గుండు, మాస్కు. తిరుపతిలో గుర్తుపట్టమంటే ఎట్లా మేడమ్?"

లోకేష్‌ది గుండు తలే. మునిప్రసాద్‌దీ గుండు తలే. తిరుపతికి తోడు వెళ్ళలేదని ఇద్దరూ చెప్పారు.

సాయంత్రం స్టేషన్‌లో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది అమల.

"కత్తి కుడిపక్క దిగింది కాబట్టి గుండెకి తగల్లేదు. గుణశేఖర్ బతికాడు. పొడిచినవాడి పేరు చెప్తాడు."

లోకేష్ భోరుమన్నాడు. "అంతే సాలు మేడమ్. నేను కాదని ఆయనే సెప్తాడు."

మునిప్రసాద్ లేచి నిలబడ్డాడు. "తగల్లేదా? యాడ తగల్లేదు? మా బావ గుండె ఉండేదే కుడిపక్క!"

అమల లాఠీ చేతిలోకి తీసుకుంది.

"ఆ సంగతి మీ బావకే తెలీదు మునిప్రసాద్. డాక్టర్ చెప్పింది తోడొచ్చినవాడికే. ఆయన ఫ్యాక్టరీ లోకేష్ చేతికిచ్చాడని కడుపుమంట. ఒక్క పోటుతో ఆయన్ని చంపి, లోకేష్‌ని ఇరికించాలనుకున్నావు."

మునిప్రసాద్ కుర్చీ ఎత్తి లోకేష్ తలకి విసిరాడు. గురి తప్పింది. అమల లాఠీ మోకాలి చిప్ప మీద పడింది. కుప్పకూలాడు.

బేడీలు పడుతుంటే గొణిగాడు. "బావ... నిజంగానే బతికినాడా?"

"లేదు." లాఠీ బల్ల మీద పెట్టింది అమల. "డాక్టర్ చెప్పిన చోటే పొడిచావు."