కలినిబ్రిద్ ఆడపడుచులు

"ఒక్కరు రావాల్సిన చోటికి ఇద్దరొచ్చారు సార్."

కువైట్ నుంచి మునాఫ్ ఫోన్లో చెప్పాడు, ఢిల్లీలోని తన గూఢచారి సంస్థ చీఫ్‌కి.

"ఇద్దరికీ కోడ్ వర్డ్ తెలుసా?"

"తెలుసు. పాస్‌పోర్టులూ ఒకటే. పేరు ఓక్సానా, కంట్రోల్ సిస్టమ్స్ ఇంజినీర్. పుట్టింది ఉక్రెయిన్లో కలినిబ్రిద్ అనే పల్లె. ఒకరినొకరు దొంగ అంటున్నారు."

"విను మునాఫ్. ఆ హ్యాకర్ల ముఠా ఆమె ఫొటోలూ వేలిముద్రలూ సర్వర్లోంచి తుడిచేసింది. యుద్ధం వల్ల ఆ ఊరికి ఫోన్లు లేవు. మనకు మిగిలింది ఆ ఊరి ఫైలొక్కటే. అడిగి తేల్చు. మూడున్నర దాటకూడదు."

అప్పటికే మూడూ ఇరవై.

కువైట్ సిటీ పక్కన మిష్రిఫ్‌లోని ఆ విల్లాకి మునాఫ్ పైకి హౌస్ డ్రైవరు, రాయచోటి మనిషి. చేతి వాచీలో మాత్రం వాయిస్ ఎనలైజరుంది. ఎదుటివాళ్లు అబద్ధమాడితే ఎర్రగా వెలుగుతుంది.

షుఐబా ఫ్యాక్టరీలో అమోనియా ట్యాంకు కంప్యూటర్ ముఠా చేతిలో పడింది. మూడున్నరకి వాల్వులు తెరుచుకుంటాయి. గేట్లకీ అదే కంప్యూటర్ తాళం వేసేసింది. ఆపే కోడ్ ఆ సిస్టమ్ రాసిన ఓక్సానాకే తెలుసు. ఒక్కసారే కొట్టాలి. తప్పు కొడితే ఆ క్షణమే విషవాయువు. లోపల షిఫ్టులో ఆరొందలమంది. వాళ్లలో మునాఫ్ తమ్ముడు అన్వర్ బాషా ఒకడు.

సోఫాలో ఇద్దరూ చెరో కాగితం మీద చెరో కోడ్ రాసిపెట్టారు.

ఎడమవైపామెది వెలిసిన నూలు గౌను. పగిలిన మడమలు. కళ్లలో నీళ్లు. కుడివైపామెవి ఎర్రటి గోళ్లు, నల్ల కళ్లద్దాలు. గది నిండా ఆమె సెంటే.

మునాఫ్ కూర్చోలేకపోయాడు. నిలబడే ఇంగ్లీషులో అడిగాడు.

"ఊరెక్కడుంది?"

"సుద్దకొండ కింద," అంది నూలు గౌను. "మూడు పక్కలా పొద్దుతిరుగుడు చేలు. నాలుగోపక్క నది."

"చరిత్ర?"

"కొసాక్ సైనికులు కట్టిన ఊరు. 1933 కరువులో సగం మంది పోయారు. 1956లో డ్యామ్ కట్టాక కింది వీధి మునిగింది."

"యాభై ఆరో, యాభై ఏడో," అంది ఎర్రగోళ్లు విసుగ్గా. "నేనప్పటికి పుట్టలేదుగా!"

వాచీ ఇద్దరికీ పచ్చగానే వెలిగింది. ఇద్దరూ అబద్ధానికి తర్ఫీదు పొందారా, ఇద్దరూ నిజమే చెబుతున్నారా? వాచీకే తెలియదు.

చెవిలోని ఇయర్‌పీస్‌లో షుఐబా షిఫ్ట్ ఇంజినీర్ నాగేంద్రబాబు గొంతు. "సార్, రెండు నిమిషాలే!"

ఫైల్లో ఉన్నదంతా పొల్లుపోకుండా చెప్పింది నూలు గౌనే. మునాఫ్ ఆమె కాగితం అందుకున్నాడు.

అప్పుడే వంటమనిషి సుబ్బాయమ్మ టీ ట్రేతో వచ్చింది. కోనసీమ మనిషి, కువైట్‌కొచ్చి పద్నాలుగేళ్లు.

"ఈళ్లిద్దరిదీ ఒకే ఊరా తమ్ముడూ?"

"అంటాండారు. నువ్ పో అక్కా, పనుండాది."

"ఒకే ఊరోళ్లయ్యుండి ఇంత సైలెంటుగా కూర్చున్నారేటి? ఊళ్లో ఎవరితో పడదో అడుగు."

"ఇప్పుడా?"

"అడగవయ్యా! మా పొరుగాయన కొబ్బరిమట్టలన్నీ మా దొడ్లో పడేత్తాడు. ఇప్పటికీ మా చెల్లికి ఫోన్ చేత్తే ముందు ఆ సంగతే అడుగుతాను. ఆరోగ్యం తర్వాత."

మునాఫ్ చెయ్యి ఆగిపోయింది. ఆ ప్రశ్నే ఇంగ్లీషులో అడిగాడు.

నూలు గౌను కళ్లు తుడుచుకుంది. "అందరూ మంచివాళ్లే. ఒకే కుటుంబంలా ఉంటాం."

ఎర్రగోళ్లావిడ కళ్లద్దాలు తీసి బల్లమీద కొట్టింది.

"అందరూనా? హలీనా కూడానా? ఏటేటా కంచె మా వైపు జానెడు జరుపుతుంది! దాని బాతులు మా బీట్‌రూట్ మడి తినేశాయి! కింది వీధి మునిగినప్పుడు మా అమ్మమ్మనీ దాని అమ్మమ్మనీ ఒకే బండెక్కించారు. కొండదాకా వీపులు తిప్పుకుని కూర్చున్నారు, తెలుసా? బండి తోలినవాడు మా వాళ్ల దుప్పటి కొట్టేశాడు. వాడి మనవడే ఇప్పుడు ఊరి పెద్ద!"

మునాఫ్ కాగితం మార్చాడు.

"నాగేంద్రబాబూ, కొట్టు! ఏడు, రెండు, సున్నా..."

నూలు గౌను చెయ్యి కొప్పులోకి పోయింది. విషం పూసిన పిన్ను మునాఫ్ మెడకు అంగుళం దూరంలో ఆగింది. ఆమె మణికట్టు పట్టుకునే మిగతా అంకెలు చెప్పాడు.

"...నాలుగు, తొమ్మిది, ఒకటి!"

ఇయర్‌పీస్‌లో కీబోర్డు టకటకలు.

"ఆగింది సార్," అన్నాడు నాగేంద్రబాబు ఏడుపు గొంతుతో. "ఒక్క సెకను మిగిలింది. గేట్లు తెరుచుకున్నాయి. అందరూ బయటికి పరిగెడుతున్నారు."

చేతులకు బేడీలు పడ్డాక నూలు గౌను తీరిగ్గా నవ్వింది. "నాకిచ్చిన ఫైల్లో ఆ పేజీ లేదు."

ఆమెను వ్యాన్ ఎక్కించి వచ్చి మునాఫ్ వినయంగా అన్నాడు. "మేడమ్, కారు రెడీ. ఎయిర్‌పోర్టుకి వెళ్దామా?"

ఓక్సానా లేవలేదు. సుబ్బాయమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. అయినా సుబ్బాయమ్మ బుగ్గలు నొక్కుకుంటూ వింటోంది.

"ఇది హలీనా ఇంటి సంగతి," అంది ఓక్సానా. "ఇక దాని పక్కిల్లు..."

"మొత్తం ఎన్నిళ్లు మేడమ్ మీ ఊళ్లో?"

"నూట పదకొండు."

మునాఫ్ బయటికెళ్లి కారింజన్ ఆపేసి వచ్చాడు.