కాల్చని పూలకూజా

హోటల్ వంటగది వెనక, ఖాళీ డబ్బాల మధ్య నెమలి పడి ఉంది. అది ఆమె మారుపేరు; శత్రుముఠాలో ఉంటూ ఇటు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. మెడలో ముత్యాలు చెదరలేదు. పొట్టలో మాత్రం బుల్లెట్ దిగింది.

"బాంబు హాల్లో, ఒప్పందం సంతకాల బల్లమీది పూలకూజాలో ఉంది. దాని గోడ లోపల," అంది.

వెయిటర్ వేషంలో ఉన్న ఏజెంట్ పిల్లి నమ్మలేదు. "సెక్యూరిటీ వాళ్లు ఓకే చేశారు కదా? పింగాణీ అంటే బట్టీలో కాలాలి. లోపల ఏం పెట్టినా బూడిదే."

"అందరూ అలా అనుకుంటారనే కదా! అది బట్టీ మొహం చూడలేదు. మట్టిపొడిలో సిలికేట్ జెల్ కలిపి ఆరబెట్టాం. అది జిగురులా పట్టుకుని రాయైపోతుంది. కలిపింది నేనే." ఆమెకు ఊపిరి అందడం లేదు. "గట్టిపరిచే మందు సగమే వేశా. మరిగే నీళ్లు పోస్తే మెత్తబడుతుంది. ముఠావాళ్లు టీవీలో చూస్తున్నారు. సంతకం పడగానే రిమోట్ నొక్కుతారు. జనం లేచి పరిగెత్తినా నొక్కేస్తారు."

పిల్లి హాలు వైపు తిరిగి చూశాడు. ఆ హాల్లో రెండు దేశాల ప్రతినిధుల మధ్య, కూజాకి జానెడు దూరంలో, దుభాషిగా కూర్చున్నది అతని భార్య.

"ఇంకా చూస్తావేంట్రా మొద్దూ? పో!"

కాలర్‌లో దాచిన మైకులో తన చీఫ్‌కి అంబులెన్స్ పంపమని చెప్పి, పొయ్యి మీది కెటిల్ లాక్కున్నాడు. హాల్లో పరిగెత్తడానికి లేదు. చిరునవ్వుతో నడిచాడు. భార్య అతన్ని చూసి కనుబొమలు ఎగరేసింది. ప్రతినిధి పెన్ను మూత తీశాడు.

గులాబీల మీద మరిగే నీళ్లు గుమ్మరించాడు. కూజాని తడిమాడు. రాయి. ఇంకా రాయే. పెన్ను కాగితం మీద కదులుతోంది. 'కరుగు తల్లీ, కరుగు!' బొటనవేలు కాలుతున్నా బలంగా అదిమాడు. గోడ తడిమట్టిలా లొంగింది. వేలికి తీగ తగిలింది. లాగేశాడు.

"నొక్కేశారు! సిగ్నల్ వెళ్లిపోయింది!" చెవిలో చీఫ్ కేక.

ఏమీ పేలలేదు.

బురదనీళ్లు మాత్రం చిల్లులోంచి ప్రతినిధి ఒళ్లోకి పారాయి. ఆయన లేచి, వాడిన గులాబీలు చూపిస్తూ తన భాషలో మండిపడ్డాడు.

భార్య మైకు సర్దుకుని తెలుగులో చెప్పింది. "పూలకి వేడినీళ్లు పోసే ఈ మొద్దుని ఎవరు పెట్టుకున్నారు అని అడుగుతున్నారు." ఆనక మైకు మూసి, మెల్లగా అంది. "హోటల్ సంగతి తెలీదు గానీ, ఇంట్లో పెట్టుకున్నది మాత్రం నేనే."