మెగ్నీషియం వాకిలి

2005 మే. తిరుపతి ల్యాబ్‌లో డాక్టర్ యోగానంద కాఫీ తాగి కుర్చీలోనే ఒరిగిపోయాడు. పోస్ట్‌మార్టమ్‌లో విషం జాడ లేదు. ఆయన తయారుచేసిన మందు సీసా మాత్రం మాయమైంది.

"భయపడాల్సిన కేసే, మునిశేఖర్," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ రఘునాథ్. "మన కణాల్లోంచి మెగ్నీషియాన్ని బయటికి పంపే వాకిలి ఒక ప్రొటీన్. ఇంకో ప్రొటీన్ వచ్చి దాన్ని పట్టుకుంటే వాకిలి మూసుకుంటుంది. ఆ రెండోదానికి ఫాస్ఫేట్ ముద్ర పడితే పట్టు వదిలేస్తుంది, వాకిలి తెరుచుకుంటుంది. ముద్ర పడుతూ, చెరుగుతూ ఉంటేనే తూకం నిలుస్తుంది."

"మరి ఆ మందు?"

"ముద్రను చెరగనివ్వదు. మెగ్నీషియమంతా కారిపోతుంది. ఇరవై నిమిషాల్లో గుండె ఆగుతుంది. కొనడానికి విదేశీ ముఠా చెన్నైలో కాచుకుని ఉంది. ముఠాలో మన మనిషి నిస్సీ. చెయ్యి విరిగినట్టు కట్టుతో పుత్తూరు వెళ్లు, కట్లు కట్టే చోట సీసా నీకిస్తుంది." చీఫ్ ఒక పెన్ను అందించాడు. "ఇందులో విరుగుడు సూది. ఒక్క డోసే."

పుత్తూరులో ఎముకలు కట్టే తాయమ్మ షెడ్డు. మునిశేఖర్ ఎడమచేతికి దొంగకట్టు, దాని కింద పెన్ను. అతని కంటే ముందు కట్టించుకుని వెళ్తున్న నిస్సీ చేతికీ కట్టే. కన్నుగీటి బయటికి నడిచింది.

"ఎవరు కట్టినారు నాయనా, పార్శిల్ కట్టినట్టు?" తాయమ్మ అతని కట్టు కోసేసింది. "మొగం అట్ల తిప్పుకో."

చెయ్యి పట్టి లాగింది. అమ్మా! అతను కళ్లు తెరిచేసరికి కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, కొత్తగుడ్డ బిగిసిపోయి ఉన్నాయి. పెన్ను వాటి మధ్యే ఉందనుకున్నాడు.

బయట నిస్సీ నన్నారి షర్బత్ ఇచ్చింది. తాగేశాడు. ఎందుకు తాగాడంటే ఏం చెప్పాలి! మిట్టమధ్యాహ్నం ఎండ, ఎదురుగా అందమైన అమ్మాయి. ట్రైనింగంతా గాలికి పోయింది.

"సారీ, శేఖర్. రెండు చుక్కలు నీకోసం ముందే తీసిపెట్టినా. సీసా నా కట్టులో ఉండాది. సత్యవేడు దాటితే చెన్నై." కారెక్కి వెళ్లిపోయింది.

కొంచెంసేపటికి అతని కనురెప్ప అదిరింది. వేళ్లు కొంకర్లు పోయాయి. గుండె ఒకసారి కొట్టుకుని, రెండోసారి మరిచిపోయింది. చచ్చిపోతానని భయం, పచ్చి భయం. కట్టును పళ్లతో కొరికాడు. ఎండకు సొన అట్టకట్టింది. పడుతూ లేస్తూ షెడ్డులోకి పరిగెత్తాడు.

"కట్టు కొయ్యవ్వా!"

"ఎనిమిది దినాలు విప్పకూడదబ్బా."

"చచ్చిపోతాండానవ్వా!"

తాయమ్మ అతని నాడి పట్టి చూసింది. ముఖం మారిపోయింది. కట్టుకు కత్తెర వేసింది. బద్దలు రాలిపడ్డాయి. పెన్ను లేదు.

"నా పెన్ను!" ఏడ్చేశాడు మునిశేఖర్.

"అదా? గుచ్చుకుంటాదని తీసి గూట్లో పెట్టినా."

గూట్లోంచి లాక్కుని తొడలో పొడుచుకున్నాడు. చీకట్లు కమ్మాయి. మెల్లగా చూపు తేటబడింది, గుండె దారికొచ్చింది. అప్పుడు కనిపించింది గూట్లో ఇంకో వస్తువు. చిన్న గాజుసీసా.

"అది ఆ పాపది. పగిలితే చెయ్యి తెగతాదని తీసేసినా."

నిస్సీ ఉత్త వెదురుబద్దలు మోసుకుని తమిళనాడు సరిహద్దుకు పోతోందన్నమాట! మునిశేఖర్ చీఫ్‌కి ఫోన్ చేశాడు. సత్యవేడులో కారు ఆపారు.

"నా చెయ్యి విరగలేదని నీకు తెలీలేదా, అవ్వా?"

"ముట్టుకోంగానే తెలిసె. ఆ పాపదీ విరగలా," అంది తాయమ్మ బద్దలు ఏరుకుంటూ. "అందుకే ఇద్దరికీ రోంత గట్టిగా లాగినా."