ఇన్నమ్మ అడగని మాట

చార్లెస్ తోటకు బయలుదేరుతూ, మామిడికాయలు కోసే గెడకు కట్టిన చిక్కం చూసుకున్నాడు. వల అడుగున చిరిగిపోయింది. కోసిన కాయ చిక్కంలో నిలవకుండా నేల మీద పడితే ఇంకేముంది, పగిలిన రసం కాయని ఎవరు కొంటారు?

"మామయ్యగారు ఉంటే ఈపాటికి రెండు అల్లిపడేసేవారు" అన్నాడు. అనేసి నాలుక కరుచుకున్నాడు. వంటింట్లో భార్య వినీల చేతిలో గిన్నె ఠంగుమంది.

ఆ మామగారు చిన్నరాయప్ప. పుట్టింది, పెరిగింది, దోనె తోసింది అంతా కొల్లేట్లోనే. మోకాళ్ళు మొరాయించాక కూతురు వినీల ఆయన్నీ, తల్లి ఇన్నమ్మనీ నూజివీడు దగ్గరి ఈ మామిడితోటల ఊరికి తెచ్చి పెట్టుకుంది. నీళ్ళ మనిషికి చెట్ల మధ్య ఏం తోస్తుంది పాపం! వలలు అల్లిన చేతులు ఊరుకోక, కోతకాలానికి చిక్కాలు అల్లేవి. ఆయన పోయి ఏడాదయింది. అప్పటినుంచి వినీల తల్లితో "అన్నం తిను", "మందు వేసుకో" తప్ప మూడో మాట మాట్లాడలేదు. ఇన్నమ్మ ఆ రెండు మాటలతోనే రోజులు వెళ్ళదీస్తోంది.

చార్లెస్ బండి స్టార్ట్ చేశాడు. అరుగు మీద కూర్చున్న ఇన్నమ్మ అలవాటు ప్రకారం ముఖం గోడవైపు తిప్పేసుకుంది. మగవాళ్ళు పనికి బయలుదేరేటప్పుడు ఎక్కడికని అడగకూడదు, ఎదురుగా చూడనూ కూడదు. చేపలు పట్టే ఆమె అత్తింట్లో అది ఆచారం. బండి గేటు దాటగానే వినీల బయటికొచ్చింది. ఒళ్ళు మండిపోతోంది.

"చాల్లేమ్మా! ఆ రోజూ ఇలాగే గోడ చూస్తూ కూర్చున్నావు. నాన్న వల భుజాన వేసుకుని పోతుంటే 'ఎక్కడికయ్యా' అని ఒక్క మాట అడగలేకపోయావా? దిక్కూమొక్కూ లేనివాడిలా చెరువుగట్టు మీద గుండె ఆగి పోయాడు. పక్కన ఒక్క మనిషి లేడు!"

"ఎలా అడగనే? పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగాను. ఆ రోజే దోనె తిరగబడి మీ చిన్నాన్న పోయాడు. నీ నోటివల్లే అంది మా అత్త. అప్పుడు కుట్టేసుకున్న నోరిది."

"ఆ పిచ్చి నమ్మకమే నాన్నని మింగేసింది!"

ఇన్నమ్మ లేచింది. లోపలికి వెళ్ళి, కాసేపటికి సంచితో బయటికొచ్చింది. అందులో రెండు చీరలు, జపమాల. కొల్లేటి వైపు వెళ్ళే కైకలూరు బస్సు వచ్చే వేళయింది. అక్కడ మాత్రం ఎవరున్నారు? ఎవరూ లేరు. ఇక్కడ ఎవరున్నారు గనక అనుకుంది ఆ ముసలి ప్రాణం.

కిటికీలోంచి వినీల చూసింది. వంగిన నడుము గేటు దాకా వెళ్ళింది. నాన్న వెళ్ళిపోయింది కూడా ఆ గేటులోంచే. కిటికీ ఊచలు పట్టుకుని అరిచేసింది.

"అమ్మా! ఎక్కడికి?"

ఇన్నమ్మ ఠక్కున ఆగిపోయింది. వెనక్కి వచ్చి, సంచి దింపి, మెట్టు మీద కూర్చుంది.

"అడిగేశావుగా. అడిగితే వెనక్కొచ్చి కూర్చోవాలి. మంచినీళ్ళు తాగితే గానీ మళ్ళీ కదలకూడదు."

వినీల పరుగున చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఇన్నమ్మ తాగలేదు. చెంబు పక్కన పెట్టుకుంది.

"ఆ రోజు నేనూ అడగాల్సిందే తల్లీ. అడిగితే మీ నాన్న కూడా ఇలాగే వచ్చి కూర్చునేవాడు. విసుక్కునేవాడు, కానీ కూర్చునేవాడు. ఇక్కడికొచ్చాక వల భుజానికెత్తుకోవడం అదే మొదలు. ముఖం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. అది చూశాక అడగబుద్ధి కాలేదే నాకు."

వినీల మెట్టు మీద కూలబడి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. ఏడాదిగా తాను వేస్తున్న నింద, అమ్మ తన మీద తనే రోజూ వేసుకుంటోంది. "తప్పయిపోయిందమ్మా" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది. ఇన్నమ్మ చెంబు పైకెత్తబోయింది. వినీల గభాలున లాగేసుకుంది.

"వద్దు. తాగితే వెళ్ళిపోతావు."

ఇన్నమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. "దాహమేస్తోందే పిచ్చిమొహమా, ఇటివ్వు."

బస్సు వెళ్ళిపోయిన చప్పుడు విన్నాకే వినీల చెంబు ఇచ్చింది.