ఆకుపచ్చ తెర మీద పచ్చల కమ్మలు

"ఏజెంట్ కత్తెరా! నీ భార్య ప్రాణం ఇప్పుడు నీ చేతుల్లో ఉంది," అన్నాడు చీఫ్, తలుపు వేస్తూనే.

కత్తెర అనేది కోడ్ నేమ్. వీడియోలో మనిషిని ఒకచోట కత్తిరించి ఇంకోచోట నిలబెట్టడంలో అతనికి సాటి లేరని డిపార్ట్‌మెంట్ పెట్టింది. భార్య కోడ్ నేమ్ మెరుపు. డబుల్ ఏజెంట్. వజ్రాల వ్యాపారి ముసుగులో విదేశీ ముఠాని నడిపేవాడు ఆమెని తన గూఢచారి అనుకుంటున్నాడు. అనుకోవడమే కాదు, మనసు కూడా పారేసుకున్నాడు. కత్తెరకి కడుపు మండేది అక్కడే.

"బ్రీఫింగ్ విను. డ్యామ్ గేట్లని దూరం నుంచి తెరిచే చిప్ వ్యాపారి ఆఫీసు లాకర్లో ఉంది. సాయంత్రం గేట్లు తెరిస్తే కింద ఊళ్లన్నీ మునుగుతాయి. క్లీనింగ్ మనిషి వేషంలో మెరుపు ఆ ఆఫీసులోకి వెళ్లింది. వాడు మాత్రం ఆమె సముద్రం ఒడ్డున హోటల్లో ఉందని నమ్మాలి. గదిలోంచి వీడియో పంపమన్నాడు. అనుమానం వస్తే వాడు ముందు చూసుకునేది లాకరే."

"వీడియో ఏది?"

"సేఫ్ హౌస్‌లో ఆకుపచ్చ గుడ్డ ముందు తీసుకుని, యాప్‌లో మనకి పంపింది. రూల్ ప్రకారం ఒరిజినల్ చెరిపేసింది."

కత్తెర తల పట్టుకున్నాడు. "యాప్ దాన్ని పిండి పిప్పి చేసుంటుంది సార్!"

"ఉన్నది అదే."

ప్లే నొక్కాడు. మెరుపు నవ్వింది. తనవైపు చూసి ఇలా ఎప్పుడు నవ్విందో గుర్తు చేసుకోబోయి మానుకున్నాడు. "మీరు లేక సముద్రం బోసిగా ఉందండీ," అంది. చెవులకి పచ్చల కమ్మలు, వ్యాపారి ఇచ్చినవి. పోయిన పెళ్లిరోజుకి తను కొన్న కమ్మలు బరువని బీరువాలో పడేసింది. ఇవి మాత్రం దూదిలా ఉన్నాయి కాబోలు!

ఆకుపచ్చని తీసెయ్యమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పగానే కమ్మలూ మాయమయ్యాయి. ఆ చోట రెండు బొక్కలు పడి, వెనక అతికించిన హోటల్ గది ఫోటోలోని గోడ కనిపించింది. కత్తెర మనసారా సంతోషించాడు.

"కమ్మలేవీ?" వెనక నుంచి చీఫ్ గద్దించాడు. "వాడు ముందు వెతికేది అవే!"

పళ్లు కొరుక్కుంటూ ప్రతి ఫ్రేములోనూ కమ్మలు చెరగకుండా వాటి చుట్టూ మాస్క్ గీశాడు. పరాయివాడిచ్చిన నగకి కాపలా కాసే గతి ఏ మొగుడికీ పట్టకూడదు.

జుట్టు ఇంకో నరకం. కుదించిన వీడియోలో వెలుతురు పూర్తిగానే ఉంటుంది. పిసినారితనమంతా రంగు దగ్గరే, బొమ్మలోని నాలుగు చుక్కలకి కలిపి ఒకటే రంగు వాటా. అందుకే అంచులు మెట్లు మెట్లుగా విరిగాయి. కత్తెర రంగుని విడదీసి, దాన్ని మాత్రమే మెత్తగా అలికాడు. వెలుతురు జోలికి పోలేదు. ఆకుపచ్చని విడిగా తీసే కీ ఒంటికి ఒకటి, జుట్టు అంచుకి ఇంకోటి వేశాడు. చెంపల మీది ఆకుపచ్చ ఛాయ తుడిచాడు. వెంట్రుకలు విడివడి గాలికి కదిలాయి. ఎంత అందంగా ఉంది! ఆ అందాన్ని తనే సానబెట్టి వాడికి పంపుతున్నాడు.

అక్కడ చిర్రెత్తుకొచ్చింది. చీఫ్ ఫోన్ మాట్లాడ్డానికి బయటికెళ్లగానే, తన కోటుని ఫోటో తీసి హోటల్ గదిలో మంచం పక్క కుర్చీకి తగిలించాడు. మగాడి కోటు. నలిగిన కోటు. వీడియోని మళ్లీ కుదించి, మెరుపు నంబరు మీదుగా వ్యాపారికి పంపేశాడు.

చీఫ్ తిరిగొచ్చి స్క్రీన్ చూశాడు. "ఆ కోటేంట్రా?"

"గది బోసిగా ఉందని..."

"బుద్ధుందా? వాడికి ఆమె మీద నమ్మకం పోతే?"

కోపంలో కత్తెరకి ఆ ఆలోచనే రాలేదు. ట్రాకర్‌లో వ్యాపారి కారు ఆఫీసు వీధిలోకి తిరిగి, గేటు ముందు ఆగింది.

ఇయర్‌పీస్‌లో మెరుపు గుసగుస. "ఆఖరి తాళం మీదున్నా."

"వాడు కిందే ఉన్నాడు! వచ్చెయ్!"

"ఊళ్లని ముంచేసి రమ్మంటావా? నోర్మూసుకో."

వ్యాపారి ఫోన్‌లో ఏం జరుగుతోందో చీఫ్ తెర మీద తెలుస్తోంది. "జూమ్ చేస్తున్నాడు. కమ్మలు చూశాడు... జుట్టు చూశాడు... దాటేశాడు. కుర్చీ దగ్గర ఆగాడు."

కత్తెర కళ్లు మూసుకున్నాడు. అరగంట ముందు అసూయపడ్డ ప్రతి నవ్వునీ ఆ వ్యాపారికే ఇచ్చేస్తాను, ఆమె బతికొస్తే చాలు అనుకున్నాడు.

కారు గిర్రున వెనక్కి తిరిగి ఎయిర్‌పోర్ట్ దారి పట్టింది.

"విమానమెక్కి హోటల్‌కి పోతున్నాడు!" అని చీఫ్ అరిచాడు. "డ్యామూ లాకరూ గుర్తులేవా ఈ వెధవకి?"

"ఉండవు సార్," అన్నాడు కత్తెర. అనుభవం మీద చెప్పాడు.

"చిప్ దొరికింది," అంది మెరుపు.

సాయంత్రం మెరుపు క్లీనింగ్ మనిషి బట్టల్లోనే వచ్చి, అతని భుజం మీద గడ్డం ఆనించి వీడియో అంతా చూసింది. "ఒక్క వెంట్రుక కూడా పోలేదే! ఇంట్లో ఎప్పుడైనా నన్ను ఇంత శ్రద్ధగా చూశావా?"

అతను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఫోన్ మోగింది. చీఫ్. "వ్యాపారిని ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకున్నాం. ముఠా గురించి నోరు విప్పట్లేదు. ఆ కోటెవడిదని మాత్రం ఒకటే గోల. ఏం చెప్పమంటావ్?"

"మొగుడిదని చెప్పండి సార్. అడ్రస్ మాత్రం ఇవ్వకండి."