ఎడమ వైపు స్ప్రింగు

ఆ బండిని బాగు చేయించాలా, వదిలించుకుని మరోటి కొనాలా అన్నది ఎంతకీ తేలక ఆమె తల పట్టుకుని కూర్చుంది. బండంటే మామూలు బండి కాదు. నాలుగు లావుపాటి చక్రాలు, మధ్యలో బైకు సీటు, వెనక కాయల పెట్టెలు కట్టుకునే ఇనప చట్రం. క్వాడ్ బైక్ అంటారు. ఎవరో వాడి వదిలేసినదాన్ని ఆమె భర్త మోజుపడి కొన్నాడు. కొండ వాలులో ఉన్న వాళ్ల పండ్లతోటలోకి అలాంటి బండే ఎక్కగలదు.

కిందటి వానాకాలంలో ఆ వాలులోనే, ఆ బండి మీదే అతను పోయాడు. బండి లోయ వైపు బోల్తా పడింది. చక్రం జారి ఉంటుందన్నారు అందరూ. బండికి మాత్రం నాలుగు గీతలు పడ్డాయంతే.

దాన్ని ఇంకా కళ్ల ముందు పెట్టుకోవడమెందుకు, అమ్మేయ్ వదినా అని మరిది అప్పటి నుంచీ పోరుతున్నాడు. ఆమెకి చేతులు రాలేదు. ఆ హ్యాండిల్ రబ్బరు అతని అరచేతుల్లో అరిగింది. కానీ ఎల్లుండి నుంచి కాయ కోత. పెట్టెలు పట్టుకోవడానికి కూతురు వెనక ఎక్కుతుంది. పిల్లని ఎక్కించే బండి కాబట్టి ఇక ఏదో ఒకటి తేల్చక తప్పదు.

మెకానిక్‌ని అందరూ గ్రీజు బాబాయి అంటారు. పెళ్లికొచ్చినా గోళ్లలో నలుపుతోనే వచ్చే మనిషి. బండి కింద దూరి చాలాసేపు చూసి, నడుం పట్టుకుని లేచాడు.

“ఇంజన్ సంగతి అటుంచు. వెనక ఎడమ పక్క స్ప్రింగు మళ్లీ కుంగిపోయింది అమ్మాయీ. మొన్ననే కదా కొత్తది వేశాను. నీ వెనక ఎవరు ఎక్కుతున్నారు?”

“ఎవరూ ఎక్కరు బాబాయ్. నేనొక్కదాన్నే.”

“మనిషి బరువు పడితే గానీ ఇలా కుంగదు.”

భయపడాల్సిన మాటే. ఆమెకి మాత్రం గుండె నిండిపోయింది. అతనే, ఇంకెవరుంటారు అనుకుంది. ఇంజన్‌తో సహా అంతా బాగు చేయమంది. దానికయ్యే దాంతో మరో బండి వస్తుందని బాబాయి సణిగినా వినలేదు.

మర్నాడు సాయంత్రానికి బండి సిద్ధమైంది. వాన తెరిపిచ్చింది. ఒక్క చుట్టు తిరిగి చూద్దామని ఎక్కింది. కొండని కుడి పక్కన ఉంచుకుని చుట్టి వచ్చే సన్నటి బాట అది. ఎదురుపడితే తప్పుకునే చోటు లేదు గనక బళ్లన్నీ ఒకే వైపు తిరుగుతాయి. లోయ ఎప్పుడూ ఎడమ చేతి వైపే. ఇంజన్ ఆయాసపడుతూ ఉండడంతో అతను పోయాక ఆమె మొదటి మలుపు దాటి ఎన్నడూ వెళ్లలేదు.

మలుపు దగ్గర మంచు కమ్ముకుంది. కుళ్లిన ఆకుల వాసన, తడి మట్టి వాసన. వెనక కిర్రుమంది. చట్రం మెల్లగా కుంగింది.

“ఎక్కావా?” అని గుసగుసగా అడిగి తనలో తనే నవ్వుకుంది. పిల్ల ఎంత ఎదిగిందో చెప్పింది. ఈసారి కాపు బాగుందని చెప్పింది.

బాట లోయ వైపు వాలింది. అలవాటు కొద్దీ ఆమె ఒళ్లు కొండ వైపు ఒరిగింది. బండి నేర్పేటప్పుడు అతను మొట్టమొదట చెప్పింది అదే. వాలులో కొండ వైపే ఒరగాలి, లోయ వైపు ఒరిగితే బండితో సహా పోతాం. వెనక కూర్చుని, ఆమె ఏమరుపాటున ఎడమకి జరిగితే చాలు, భుజం గిల్లేవాడు.

వెనక మళ్లీ కిర్రుమంది...

ఎడమ పక్క. లోయ వైపు.

అతను చచ్చినా లోయ వైపు ఒరగడు.

“ఎవరు... నువ్వు?”

స్ప్రింగు ఇంకా కుంగింది. ఇంకా... కుడి చక్రాలు నేలని వదిలాయి. ఆ రోజు అతనికీ ఇలాగే జరిగిందని ఆమెకి ఆ క్షణంలో తెలిసింది. బ్రేకు నొక్కి కొండ వైపుకి దూకేసింది.

బండి దబ్బున నాలుగు చక్రాల మీద పడి ఆగింది. ఇంజన్ ఆరిపోయింది. అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, ఆమె చూస్తుండగానే, ఎడమ పక్క స్ప్రింగు నెమ్మదిగా పైకి లేచింది... కిర్ర్... కిర్ర్... తొందరేమీ లేని మనిషి బండి దిగినట్టు.

ఆమె పరుగు లంకించుకుంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. గేటు దగ్గర కూతురు గొడుగు పట్టుకుని ఎదురొచ్చి, ఏమైందమ్మా అంటూ నడుం చుట్టూ చేతులు వేసి వాటేసుకుంది. అప్పుడు గానీ ఆమెకి ఊపిరి ఆడలేదు.

తెల్లారాక మరిదీ బాబాయీ వెళ్లి బండిని కిందికి తెచ్చారు. ఇవాళే అమ్మేయమంది ఆమె. బాబాయి బండిని అటూ ఇటూ ఊపి చూపించాడు.

“ఇప్పుడెందుకమ్మాయీ? స్ప్రింగు నిటారుగా నిలబడింది. బండి మీద ఇక ఏ బరువూ లేదు.”

ఆమె హమ్మయ్య అనుకుంది. వంటింటి మెట్ల దగ్గర నుంచి కూతురు ఖాళీ చేతులతో తడి వాకిలి దాటి ఆమె దగ్గరికే వస్తోంది. ఎందుకో కాలు ఈడుస్తోంది.

ఆమె చూపు పిల్ల వెనక పడిన అడుగుల మీదికి పోయింది. కుడి పాదం గుర్తులు పిల్ల ఒంటికి తగ్గట్టు పైపైనే పడ్డాయి. ఎడమ పాదం మాత్రం ప్రతి అడుగుకీ చీలమండ దాకా దిగబడి ఉంది.