మేకుకు తగిలించిన టోపీ

పగలు కాలేజీ, సాయంత్రం కొట్లో పని. పని చేస్తూ కూడా నోరు మూయకుండా పాఠాలు వల్లెవేస్తుందని ఆ అమ్మాయికి అక్కడ పిచ్చుక అని పేరు పడిపోయింది.

కొట్టు వెనక పాలూ కూరగాయలూ దాచే చల్లగది ఉంది. దాని తలుపుకి లోపలివైపు పిడి విరిగి చాన్నాళ్లయింది. అందుకే లోపలికెళ్లేవాళ్లు తమ టోపీ బయటి మేకుకు తగిలించాలి. మేకు మీద టోపీ ఉన్నంతసేపూ తలుపు మూయకూడదు.

పిచ్చుక టోపీ తగిలించి, ఫోనున్న చేతిసంచీ బయటే కిందపెట్టి, తలుపుకి పాలబుట్ట అడ్డం పెట్టింది. తెల్లారితే పరీక్ష. అది తప్పితే ఏడాది పోయినట్టే.

"అమ్మ ఫోన్ చేస్తే వచ్చేస్తున్నానని చెప్పరా," అంది తనతో చదువుతూ అదే కొట్లో పనిచేసే పొడుగాడితో. కూతురి గొంతు వినందే ఊళ్లో అమ్మకి ముద్ద దిగదు.

"నేనెత్తితే 'మా పిల్ల ఫోను నీ దగ్గరెందుకుంది' అని మీ అమ్మ దులిపేస్తుంది. నా వల్ల కాదు తల్లీ!"

లోపల తడి అట్టపెట్టెల వాసన. ఫ్యాను మూలుగు. బుట్టలు సర్దుతూ పాఠం మొదలుపెట్టింది.

"గుండెకు నాలుగు గదులు. పై రెండూ కర్ణికలు. కింది రెండూ..."

"జఠరికలు," అని అరల వెనక నుంచి గుసగుస.

మర్చిపోతే పొడుగాడు అందించడం మామూలే. "బతికించావురా," అంది నవ్వుతూ. "వాటి మధ్య కవాటాలు. అవి మూసుకుంటే..."

"రక్తం వెనక్కి రాలేదు."

ఈసారి ఆ గొంతు... అచ్చం తనదే.

అరల వెనక్కి తొంగిచూసింది. ఎవరూ లేరు. గాల్లో మాత్రం ఎవరో అప్పుడే వదిలినట్టు తెల్లటి ఊపిరి.

వెనక పాలబుట్ట జరిగిన చప్పుడు.

"మేకు ఖాళీగా ఉందేంటి? మూసెయ్యనా పిచ్చుకా?" బయట పొడుగాడు.

"మూసెయ్. నేను వచ్చేశాగా." అదీ బయటినుంచే, పిచ్చుక గొంతుతో.

తలుపు ధడేల్‌మంది.

పరిగెత్తింది. బాదింది. చేతులు కందిపోయాయి. ఇనుప తలుపు పలకలేదు. బయట ఫోను మోగింది. ఎవరో ఎత్తారు.

"ఆ... అమ్మా. తిన్నాను."

"అమ్మా!" పిచ్చుక గొంతు చించుకుని అరిచింది. నోట్లోంచి వచ్చింది గుసగుస మాత్రమే.

బయట మళ్లీ ఆ గొంతే.

"లేదమ్మా... ఇక్కడెవరూ నిన్ను పిలవలేదు. నీతో మాట్లాడుతోంది నేనేగా..."